పళ్ళ డాక్టర్ల సంఘం ఎవరి కోసం?

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" ఈ వ్యాసం పేరు చూడగానే మన కార్యకర్తల్లో కొందరు ఈ మాటే అంటారు. కూలి రేట్లున్నాయి, అసైన్డు భూములున్నాయి, శ్మశానానికి దారి గొడవుంది, హాస్టల్లో పురుగుల బియ్యం గొడవుంది. ఇన్ని ఉండగా పళ్ళ డాక్టర్ల సంఘం సంగతి మనకెందుకయ్యా అని అడుగుతారు. ఆ సంఘం బాగుపడితే మనకేం ఒరుగుద్ది, చెడిపోతే మనకేం పోద్ది?

ఎందుకో చెప్తాం, వినండి.

ఒకటి: ఆ సంఘంలో ఇవాళ మన పిల్లలున్నారు. రిజర్వేషన్ సీటుతో, ఫీజు రీయింబర్స్‌మెంటుతో, అమ్మ చెవుల కమ్మలు తాకట్టు పెట్టిన డబ్బుతో బి.డి.ఎస్. చదివి బయటకొచ్చినవాళ్ళు. పల్లె మొత్తంలో మొదటి డాక్టరు వాళ్ళే. రెండు: నోరు అందరికీ ఉంది. పిప్పిపన్ను లేచినప్పుడు రాత్రంతా దవడ పట్టుకుని కూర్చునేది మనమే. పొద్దున్నే పనికి పోలేక ఆ రోజు కూలి పోగొట్టుకునేదీ మనమే. మూడు: సంఘం అంటే ఏమిటో, అది ఎట్లా బతుకుద్దో, ఎట్లా చస్తుందో మనకు తెలిసినంత ఎవరికి తెలుసు? సంఘాలు పెట్టినవాళ్ళం, నిలబెట్టినవాళ్ళం, కళ్ళముందే కూలిపోతుంటే చూసినవాళ్ళం.

కాబట్టి ఈ దురద కత్తిపీటది కాదు. కందదే.

సంఘం ముందు పుట్టింది, చట్టం తర్వాత వచ్చింది

ఈ దేశంలో పళ్ళ వైద్యానికి చదువే లేని రోజులున్నాయి. సంతలో చాప పరుచుకుని కూర్చున్నవాడు పటకారు పెట్టి పీకితే అదే వైద్యం. ఆ రోజుల్లో, 1920లో, కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ దేశంలోనే మొదటి దంత వైద్య కళాశాల పెట్టాడు. అమెరికాలో చదివొచ్చిన మనిషి. కాలేజీ నడపటానికి ఆయన న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే పేరుతో ఐస్‌క్రీం దుకాణం పెట్టి, ఆ డబ్బు తెచ్చి ఇందులో పోశాడు.

కాలేజీ పెట్టి ఊరుకున్నాడా? లేదు. 1925లో బెంగాల్ దంత వైద్యుల సంఘం కట్టాడు. ఆ సంఘమే పెరిగి పెరిగి ఇవాళ్టి ఇండియన్ డెంటల్ అసోసియేషన్‌కి పునాది అయింది. 1939లో బెంగాల్లో దంత వైద్యుల చట్టం వచ్చింది. 1948లో దేశం మొత్తానికి దంత వైద్యుల చట్టం వచ్చింది. ఎవరు పళ్ళ డాక్టరో, ఎవరు కాదో రిజిస్టరులో రాయాలన్నది ఆ చట్టం. చదువుకున్నవాళ్ళు ఎ భాగం. డిగ్రీ లేకపోయినా అప్పటికే ఆ పని మీద బతుకుతున్నవాళ్ళు బి భాగం. అప్పటిదాకా చేస్తున్నవాళ్ళ పొట్ట కొట్టకుండా, ఇకముందు జనం నోళ్ళు పాడు కాకుండా గీసిన గీత అది.

ఇందులో మనం పట్టుకోవాల్సింది ఒకటే. సంఘం అంటే మొదట్లో పోరాటం. తమకో పేరు కావాలి, పనికో గుర్తింపు కావాలి, దానికో చట్టం కావాలి అని అడగటానికి పుట్టింది. అడిగింది, సాధించింది. అందుకే సభ్యులు దాన్ని తమదనుకున్నారు.

ఆ 1948 చట్టంలో ఇంకో సంగతుంది. దేశం మొత్తానికి పెత్తనం చేసే డెంటల్ కౌన్సిల్లోకి ఒక్కో రాష్ట్రం నుంచి ఒకరిని డాక్టర్లే ఓటేసి పంపే పద్ధతి పెట్టారు. 2023లో పార్లమెంటు ఆ పాత చట్టం స్థానంలో జాతీయ దంత వైద్య కమిషన్ చట్టం చేసింది. కమిషన్లో కూర్చునేవాళ్ళను కేంద్ర ప్రభుత్వమే నియమిస్తుందన్నది ఈ కొత్త చట్టం. పాత కౌన్సిలు గంగాజలమని మేమనం. కానీ ఓటు ఓటే. తెనాలిలోనో రేపల్లెలోనో నాలుగడుగుల గదిలో క్లినిక్కు పెట్టుకున్న డాక్టరుకి ఢిల్లీదాకా పోయే దారి ఆ ఒక్క ఓటే. ఆ దారి మూస్తే మిగిలేది సంఘమే. ఆ సంఘం కూడా మూగదైతే ఇక ఆ డాక్టరు గొంతు ఎక్కడ వినపడాలి?

అందుకే సభ్యుడికి సంఘం విలువ ఎంత అనే ప్రశ్న ఇవాళ ఎన్నడూ లేనంత పెద్దదైంది.

కుర్చీ వెనకాల నిలబడ్డ మనిషి

పళ్ళ డాక్టరంటే డబ్బున్నోళ్ళు అని మనవాళ్ళ భ్రమ. ఉన్నారు, కొందరున్నారు. మిగతావాళ్ళ సంగతి చూడండి.

నాలుగేళ్ళ చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్పు. దేశంలో దంత కళాశాలలు 300 దాటాయి, అందులో ఎక్కువ ప్రైవేటువి. ఏటా వేలమంది బయటకొస్తున్నారు. గవర్నమెంటు పోస్టులు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. చదువైపోయినా రీయింబర్స్‌మెంటు బాకీ ఉందని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే, ఆ పిల్ల చేతిలో డిగ్రీ ఉండి కూడా లేనట్టే. సర్టిఫికెట్లు వచ్చినా, సొంత క్లినిక్కు పెట్టాలంటే రోగి కూర్చునే కుర్చీ, కంప్రెసరు, ఎక్స్‌రే మిషను, పనిముట్లు ఆవిరిలో శుద్ధి చేసే ఆటోక్లేవు కావాలి. వీటన్నిటికీ బ్యాంకు అప్పు. పొలం లేనివాడికి, ఇంటిపట్టా ఊరి చివర్లో ఉన్నవాడికి బ్యాంకు మేనేజరు అప్పెట్లా ఇస్తాడో మనకి తెలుసు. అప్పు పుట్టకపోతే ఇంకొకరి క్లినిక్కులో జీతానికి చేరటం. ఆ జీతం ఎంతో బయటికి చెప్పుకోటానికి సిగ్గుపడతారు. చేరిన పిల్లల్లో ఆడపిల్లలే ఎక్కువ. రాత్రి ఎనిమిదింటిదాకా ఉండమంటే ఉండాలి, మాట పడమంటే పడాలి.

సరే, ఏదో కిందామీదా పడి క్లినిక్కు పెట్టారనుకుందాం. ఇక కాగితాలు మొదలు. 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద జిల్లా వైద్యాధికారి దగ్గర రిజిస్ట్రేషను. 2016 నాటి ఆసుపత్రి వ్యర్థాల నిబంధనల కింద కాలుష్య మండలి అనుమతి. ఎక్స్‌రే ఉంటే అణుశక్తి నియంత్రణ బోర్డు కాగితం. రాష్ట్ర డెంటల్ కౌన్సిల్లో రెన్యువల్. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టారు కదా, అప్పటిదాకా మూడు ఊళ్ళూ గుంటూరు జిల్లానే. ఇప్పుడు తెనాలి డాక్టరు గుంటూరు పోవాలి, రేపల్లె డాక్టరు బాపట్ల పోవాలి. క్లినిక్కు మూసి ఆఫీసు చుట్టూ తిరిగిన రోజు ఆ డాక్టరుకీ కూలి పోయినట్టే.

ఆ పైన కేసులు. 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని చెప్పింది. రోగికి ఆ హక్కు ఉండాల్సిందే, మనం దాన్ని వదులుకోం. కానీ ఒక మంచి డాక్టరు మీద ఎవడో కక్షతో కేసు వేస్తే పక్కన నిలబడే వకీలు ఎవరు? క్లినిక్కు మీదికి పదిమంది వచ్చి అద్దాలు పగలగొడితే, వైద్యుల మీద దాడులకి 2008లో మన రాష్ట్రమే చట్టం చేసిందని పోలీసు స్టేషన్లో గట్టిగా చెప్పేవాళ్ళెవరు? మొన్న పట్నం నుంచి వచ్చి దిగిన చైను క్లినిక్కు ఊరంతా బోర్డులు కడితే, ఆ పక్కన ఒంటిగా నిలబడ్డ చిన్న డాక్టరు ఏమైపోవాలి?

ఇవన్నీ ఒక్కరు చెయ్యలేని పనులు. ఒక్కరు చెయ్యలేని పని చెయ్యటానికే కదా సంఘం పెట్టుకునేది!

మరి చాలాచోట్ల వృత్తి సంఘాలు ఇస్తున్నదేమిటి? పెద్ద హోటల్లో సభ. పట్నం నుంచి వచ్చిన ప్రొఫెసరు ఇంగ్లీషులో బొమ్మలేసి చూపిస్తాడు. భోజనం. ఒక సంచీ, ఒక సర్టిఫికెట్టు. శాలువాలు కప్పుకునేవాళ్ళు, కప్పేవాళ్ళు. గ్రూపు ఫోటో. రేపల్లె నుంచి రిజిస్ట్రేషన్ డబ్బు కట్టి వెళ్ళిన పిల్ల ఆ ఫోటోలో ఆఖరి వరసలో చివరన సగం మొహంతో కనపడుద్ది. మర్నాడు మళ్ళీ అదే అప్పు, అదే ఆఫీసు చుట్టూ తిరుగుడు.

బలవంతుడికి సంఘం అక్కర్లేదు

మిత్రులారా, ఇక్కడే మనం ఒక సూటి మాట చెప్పాలి.

నాలుగంతస్తుల ఆసుపత్రి ఉన్నవాడికి సంఘం అవసరం లేదు. వాడికి వకీలున్నాడు, ఆడిటరున్నాడు, ఎమ్మెల్యే ఫోన్ నంబరుంది. వాడికి కావల్సింది సంఘంలో పదవి. ఆ పదవి పేరు బోర్డు మీద రాసుకుంటాడు. సంఘం నిజంగా కావల్సింది బలం లేనివాళ్ళకి. చేరి రెండేళ్ళయిన పిల్లలకి, అద్దె క్లినిక్కు వాళ్ళకి, జీతానికి పనిచేసేవాళ్ళకి, మండలంలో ఒంటరిగా ఉన్నవాళ్ళకి. కానీ ఎక్కువ సంఘాల్లో జరిగేదేమిటి? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించేవాడు మనవాడు కానప్పుడు కడబంతి విస్తరి సంగతేంటి?

సంఘం విలువ కొలవటానికి మా దగ్గర ఒకటే కొలబద్ద ఉంది. మొదటి వరసలో కూర్చున్నవాడికి అది ఏమిచ్చిందని అడక్కండి. అందరికన్నా బలహీనమైన సభ్యుడికి అవసరం వచ్చిన రోజున అది వచ్చి నిలబడిందా లేదా? అదొక్కటి అడగండి. నిలబడితే ఆ సభ్యుడు చచ్చేదాకా సంఘాన్ని వదలడు. నిలబడకపోతే, సంవత్సరం చందా కట్టమన్నప్పుడు జేబులో చెయ్యి పెట్టడు.

"సభ్యులే రావట్లేదండీ"

నాయకుల దగ్గర ఒక పాట ఎప్పుడూ ఉంటుంది. "మేం మీటింగు పెడితే సభ్యులే రారండీ. చందా అడిగితే తప్పుకుంటారండీ. ఈ కుర్రాళ్ళకి నాకేంటి అనే గోలే తప్ప సంఘం మీద ప్రేమ లేదండీ."

అయ్యా, "నాకేంటి" అని అడగటం తప్పా? కూలి సంఘంలో చేరేటప్పుడు మా అక్కలు అడగలేదా, "ఈ సంఘంలో చేరితే మాకేంటి?" అని? అడిగారు. రోజుకి పది రూపాయల కూలి పెంచి చూపిస్తే చేరారు. చూపించలేనిచోట చేరలేదు. వాళ్ళది స్వార్థం కాదు, లెక్క. సంఘమే ఆ లెక్క అప్పజెప్పాలి.

మన దగ్గరి సంగతే చూడండి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. బతికినవాళ్ళు ఊరొదిలి తెనాలిలో తలదాచుకున్నారు. అప్పుడు సంఘాలు వాళ్ళకి చేసిందేమిటి? శాలువాలు కప్పలేదు. గింజలు తెచ్చారు, గుడ్డలు తెచ్చారు, వకీళ్ళని తెచ్చారు. కోర్టుకి మేము పోవటం కాదు, కోర్టే మా ఊరికి రావాలని పట్టుబట్టారు. వచ్చింది. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారణ చేసి 2007 జులై 31న శిక్షలు వేశారు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఆ అన్యాయం గురించి ఈ పేజీల్లో రాయాల్సింది చాలా ఉంది. ఇక్కడ చెప్పేది ఒక్కటే. పదహారేళ్ళు సాక్షులు బెదరకుండా నిలబడ్డారంటే, వెనకాల సంఘం ఉందన్న నమ్మకంతో నిలబడ్డారు. ఆ నమ్మకం హోటల్ మీటింగుల్లో పుట్టదు.

మేము డాక్టర్ల ఇబ్బందుల్ని చుండూరు రక్తంతో పోల్చటం లేదు. పోల్చకూడదు. సంఘం మీద మనిషికి నమ్మకం ఎక్కడ పుడుతుందో చెప్తున్నాం. అది ఎక్కడైనా ఒకేచోట పుడుతుంది: కష్టం వచ్చిన గడపలో.

"వృత్తిలో కులమేమిటి?"

ఇంకో మాట కూడా వస్తుంది. "మనమంతా డాక్టర్లం. సంఘంలో కులం ఊసెందుకు తెస్తారు?"

తెచ్చింది మేము కాదు. ఎప్పుడూ ఒకే పది ఇళ్ళవాళ్ళు అధ్యక్ష కార్యదర్శులవుతుంటే, కొత్తగా వచ్చిన డాక్టరుని పేరు అడిగాక ఇంటిపేరు, ఇంటిపేరు అడిగాక ఊరు, ఊరు అడిగాక "ఊళ్ళో ఎక్కడ?" అని అడుగుతుంటే, కులం ఊసు ఎవరు తెచ్చినట్టు? పేషెంటుని పెద్ద డాక్టరు దగ్గరికి పంపాల్సివస్తే తమవాళ్ళకే పంపుకుంటుంటే, అది వృత్తా, కులమా?

అమెరికా సంగతి చెప్తాం. అక్కడ అమెరికన్ డెంటల్ అసోసియేషన్ అని పెద్ద సంఘముంది. అందులో చేరాలంటే ముందు స్థానిక సంఘంలో చేరాలి. దక్షిణాది రాష్ట్రాల్లో స్థానిక సంఘాలు నల్లవాళ్ళని చేర్చుకునేవి కాదు. డిగ్రీ ఒకటే, పనిముట్లు ఒకటే, రోగి నోరు ఒకటే, అయినా గుమ్మం దగ్గరే ఆపేశారు. నల్లజాతి డాక్టర్లు ఏం చేశారు? ఏడుస్తూ కూర్చోలేదు. 1913లో తమ సంఘం తాము కట్టుకున్నారు, అదే తర్వాత నేషనల్ డెంటల్ అసోసియేషన్ అయింది. తమ కాలేజీల్ని, తమ రోగుల్ని చూసుకున్నారు. ఆ తెల్ల సంఘం 1960ల దాకా గట్టిగా మాట్లాడలేదు. చివరికి 2010లో, అప్పటి తప్పుకి బహిరంగంగా క్షమాపణ చెప్పింది. అప్పటికి ఎంతమంది డాక్టర్లు ఆ క్షమాపణ వినకుండానే చనిపోయారో!

సగంమందిని గుమ్మం బయట పెట్టిన సంఘం లోపలున్నవాళ్ళకైనా పూర్తిగా పనికిరాదు. ప్రభుత్వం దగ్గరికి పోయి "మేమంతా అడుగుతున్నాం" అనే ధైర్యం దానికి రాదు. ఆ "అంతా" అనే మాట అబద్ధమని ఎదుటివాడికి తెలిసిపోతుంది.

మన నోటి సంగతి

ఇప్పుడు పల్లెకొద్దాం. డాక్టర్ల సంఘం బాగుంటే మనకేంటి?

పొగాకు బోర్డు 1976 నుంచీ ఉన్నది మన గుంటూరులోనే. ఆకు కోసేది, గుచ్చేది, గ్రేడు చేసేది మన ఆడవాళ్ళ చేతులు. చుట్టలు, ఖైనీ, గుట్కా మన నోళ్ళు. నోట్లో తెల్లమచ్చో ఎర్రమచ్చో వస్తే, పుండు పదిహేను రోజులైనా మానకపోతే, నోరు మునుపటిలా పూర్తిగా తెరుచుకోకపోతే అది క్యాన్సరుకి మొదలు కావచ్చు. దాన్ని అందరికన్నా ముందు చూసి పట్టుకోగలిగింది పళ్ళ డాక్టరే. కానీ మనం పన్ను పీకించుకునేటప్పుడు తప్ప ఆ గుమ్మం ఎక్కం. ఎక్కటానికి దగ్గర్లో గుమ్మమే ఉండదు. ప్రభుత్వ ప్రజారోగ్య ప్రమాణాల్లోనే రాసుకున్నారు, సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఒక దంత వైద్యుడు ఉండాలని. కుర్చీ ఉంటే డాక్టరు లేడు, డాక్టరుంటే కుర్చీ పనిచెయ్యదు, రెండూ ఉంటే మందు లేదు. అందుకే మనవాళ్ళు ఎవడు దొరికితే వాడి దగ్గర నోరు తెరుస్తున్నారు. పళ్ళూడగొట్టుకోటానికి ఏ రాయైతేనేం అన్నట్టుంది మన వైద్యం. శుద్ధి చెయ్యని పటకారుతో పీకితే పన్నుతో పోదు, ఒకరి కామెర్ల రోగం ఇంకొకరి రక్తంలోకి ఎక్కుద్ది.

ఫ్లోరైడు సంగతి ఇంకోటి. 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశంలో ఉన్న పల్లెల్లో నీళ్ళలో ఫ్లోరైడు మనుషుల్ని కుంటివాళ్ళని చేస్తున్న సంగతి డాక్టర్లు రాసిపెట్టారు. దేశంలో అదే మొదటి లెక్క. ఫ్లోరైడు ముందుగా కనపడేది పిల్లల పళ్ళమీదే. ఎముకలు వంకర పోకముందే పన్ను మీద గోధుమరంగు మచ్చ చెప్పేస్తుంది. ఆ మచ్చని చూసే డాక్టరు ఒక్కడే ఏం చేస్తాడు? చూసి చీటీ రాసి పంపిస్తాడు. అదే సంఘం అయితే, ఫలానా ఊరి బడిలో ఇంతమంది పిల్లలకి మచ్చలున్నాయని లెక్కరాసి కలెక్టరు బల్ల మీద పెట్టగలదు.

చూశారా? పి.హెచ్.సి. పైన ఉన్న ప్రతి ఆసుపత్రిలో పళ్ళ డాక్టరు పోస్టు కావాలన్నది మన కోరిక. నిరుద్యోగి డాక్టరు కోరికా అదే. దొంగ డాక్టర్లు పోవాలన్నది మన ప్రాణాల గొడవ. అది వాళ్ళ పొట్ట గొడవ కూడా. పనిముట్లు శుద్ధిగా ఉండాలన్నది మన హక్కు. ఆ శుద్ధికయ్యే ఖర్చు పదిమంది పంచుకోగలగటం వాళ్ళ అవసరం. సభ్యుడికి పనికొచ్చే సంఘం రోగికీ పనికొస్తుంది. శాలువాల సంఘం ఇద్దరికీ పనికిరాదు.

ఉచిత క్యాంపులు పెడుతున్నాం కదా అంటారు. టూత్‌పేస్టు కంపెనీ బ్యానరు కట్టి, బడిపిల్లల్ని ఎండలో నిలబెట్టి, చిన్న ట్యూబొకటి చేతికిచ్చి ఫోటో తీసుకుని పోయే క్యాంపులు మాకొద్దు. పిప్పి ఉందని చీటీ రాశారు, సరే. ఆ చీటీ పట్టుకుని పిల్ల ఎక్కడికి పోవాలి? ఆ జవాబు లేని క్యాంపు కంపెనీకి వ్యాపారం, మనకి ఎండదెబ్బ.

ఏం చెయ్యాలి

తెనాలి, బాపట్ల, రేపల్లె పళ్ళ డాక్టర్లకి, అందులో ముఖ్యంగా మన పిల్లలకి, మా మాటలు ఇవి. బయటివాళ్ళ సలహా అని కొట్టిపారెయ్యకండి. సంఘాల్లో నలిగినవాళ్ళ మాట.

1. మూడు ఊళ్ళూ ఒక రైలు దారి మీదున్నాయి. తెనాలి జంక్షనులో రేపల్లె బండి, బాపట్ల బండి రెండూ కలుస్తాయి. మీటింగు ఒక నెల తెనాలిలో, ఒక నెల బాపట్లలో, ఒక నెల రేపల్లెలో పెట్టండి. ఆదివారం మధ్యాహ్నం పెట్టండి. హోటల్లో కాదు, ఎవరో ఒకరి క్లినిక్కులోనే. తెలుగులో మాట్లాడండి.

2. కాగితాల పని ఉమ్మడిగా చెయ్యండి. రిజిస్ట్రేషను, చెత్త అనుమతి, ఎక్స్‌రే కాగితం, ఇవన్నీ ఎట్లా నింపాలో ఒక చిన్న తెలుగు పుస్తకం వేసి ప్రతి కొత్త సభ్యుడి చేతిలో పెట్టండి. ఆఫీసుకి ఒకరు పోతే పదిమంది పని అవ్వాలి.

3. చెత్త సంగతి ఉమ్మడిగా మాట్లాడుకోండి. కేరళలో డాక్టర్ల సంఘం ఐ.ఎం.ఏ. ఇరవయ్యేళ్ళ కిందటే ఇమేజ్ అనే పేరుతో పాలక్కాడు దగ్గర ఆసుపత్రి చెత్త శుద్ధి చేసే కేంద్రమే పెట్టుకుంది. అంత పెద్దది ఇక్కడ అక్కర్లేదు. చెత్త ఎత్తుకెళ్ళే కంపెనీతో చిన్న క్లినిక్కులన్నీ కలిసి ఒక రేటు మాట్లాడుకోగలిగితే చాలు. మందులు, సామాన్లు కూడా కలిసి కొంటే రేటు దిగుద్ది.

4. జీతానికి పనిచేసే డాక్టర్లకి కనీస జీతం, పనిగంటలు రాతపూర్వకంగా ఉండాలని సంఘం తీర్మానం చెయ్యాలి. ఆడపిల్లకి ఇబ్బంది వస్తే చెప్పుకోటానికి సంఘంలో ఒక ఆడ డాక్టరు పేరు, ఫోను అందరికీ తెలిసుండాలి. జీతమిచ్చేవాళ్ళే సంఘ పెద్దలైతే ఈ తీర్మానం రాదు. అందుకే కార్యవర్గంలో జీతగాళ్ళకీ, అయిదేళ్ళలోపు వాళ్ళకీ సీట్లు కేటాయించాలి.

5. సర్టిఫికెట్లు ఆపిన కాలేజీల దగ్గరికి సంఘం కదిలిపోవాలి. రేపటి సభ్యుడు ఇవాళ్టి విద్యార్థే. ఇవాళ నిలబడకపోతే రేపు చందా అడిగే మొహం ఉండదు.

6. చందా తగ్గించండి. కొత్తవాళ్ళకి మొదటి రెండేళ్ళు నామమాత్రంగా పెట్టండి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, శాలువాలకెంత, వకీలుకెంత అని ఏటా లెక్క అచ్చేసి పంచండి. లెక్క చెప్పిన సంఘానికి డబ్బు ఎప్పుడూ తక్కువ పడదు.

7. ఏడాదికొకసారి పల్లెవాళ్ళతో కూర్చోండి. ఏ ఆసుపత్రిలో కుర్చీ మూలపడుందో, ఏ పోస్టు ఖాళీగా ఉందో మా కార్యకర్తలు రాసిస్తారు. ఆ కాగితం మీద మీ సంఘం ముద్ర, మా సంఘం ముద్ర రెండూ వేసి కలెక్టరుకిద్దాం. ఒక ముద్రని చెత్తబుట్టలో వెయ్యటం తేలిక. రెండు ముద్రలున్న కాగితాన్ని వెయ్యటం కష్టం.

మన పిల్లలకి ఒక మాట

డాక్టరయ్యాక సంఘం మీటింగుకి పోయి, మొహం తిప్పుకుని వచ్చేసినవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. "అక్కడ మనకేముందిలే అన్నా" అంటున్నారు. ఆ విసుగు మాకు అర్థమవుతుంది. కానీ మీరు వచ్చేస్తే ఆ కుర్చీ ఖాళీగా ఉండదు, ఇంకొకడు కూర్చుంటాడు. సంఘం పాతవాళ్ళ సొత్తు కాదు. చందా కట్టినవాళ్ళందరిదీ. పోండి, కూర్చోండి, లెక్క అడగండి. పదిమంది కలిసి ఎన్నికల్లో నిలబడండి. గుమ్మం మూస్తే అమెరికా నల్ల డాక్టర్లు చేసిందేమిటో గుర్తుంచుకోండి. ముందు మాత్రం గుమ్మం తట్టాలి. తట్టకుండానే మూసుందనుకుంటే, మూసినవాడికి పని తగ్గించినట్టే.

పల్లెల్లోని అక్కలకి, అన్నలకి: మన వాడనుంచి డాక్టరైన పిల్లనో పిల్లాడినో చూసి గర్వపడి ఊరుకోకండి. "మీ సంఘంలో ఏం జరుగుతుందమ్మా? ఈ నెల మీటింగుకి పోయావా?" అని అడగండి. ఓటు వేశావా అని ఎమ్మెల్యే ఎన్నికల్లో అడిగినట్టే అడగండి. వాళ్ళ సంఘం బలపడితే, రేపు మన ఊరి ఆసుపత్రిలో ఆ కుర్చీకి డాక్టరొస్తాడు.

సభ్యుడు కష్టంలో ఉన్నరోజు కనపడని సంఘానికి చందా ఎందుకు? శాలువాలు చాలు. లెక్క చెప్పండి, తోడు నిలబడండి!